చూపరుల చరిత్ర: తాడుకు ఇవతల నిలబడ్డ జనం

గత భాగంలో మన బళ్ళారి నాటకాల జనాన్ని చూశాం. ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి సరస వినోదినీ సభ ఒక పక్క, కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ ఒక పక్క పోటీపడి నాటకాలు ఆడిన ఊరు ఇది. పద్యం నచ్చితే ‘వన్స్ మోర్’ అని కేకవేయడం చూడవచ్చినవాడు తన హక్కు అనుకునేవాడు. ఆ కేకకు లొంగి పద్యాన్ని మళ్ళీ అందుకోవడం చాలామంది నటులు తమ విధి అనుకునేవారు. పద్యం సాగదీత కన్నా నటనే ముఖ్యమని నమ్మిన బళ్ళారి రాఘవ ఆ జనాన్నే ఎలా కట్టిపడేశారో కూడా చెప్పుకున్నాం. సత్యనారాయణపేటలో పాత తరంవాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటే, కబుర్లు తెలుగులో మొదలైనా కన్నడంలో మొదలైనా, ఏదో ఒక వేళకు ఆ నాటకాల మీదికి రాక మానవు. జనం ఎంత గోల చేస్తే నాటకం అంత రక్తి కట్టినట్టు వాళ్ళ లెక్క.

ఈ భాగంలో దానికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న జనం దగ్గరికి వెళ్దాం. వేలమంది ఒకచోట నిలబడతారు. ఒక మనిషి చిన్న తెల్ల బంతి ముందు వంగుతాడు. జనాన్ని అదుపులో ఉంచే మార్షల్ రెండు చేతులూ పైకెత్తుతాడు. అంతే, దగ్గు కూడా ఆగిపోతుంది. ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నమెంట్లలో మనకు టీవీలో కనిపించే దృశ్యం ఇది. చూసినవాళ్ళు ఇది దొరల ఆట గనక దొరల మర్యాద అని తేల్చేస్తారు. చరిత్ర తిరగేస్తే అలా లేదు. గోల్ఫ్ చూపరులు ఒకప్పుడు బంతిని తన్నారు, ఆటగాళ్ళను తోశారు, పందేలు కాసి కొట్లాడారు. ఆ నిశ్శబ్దాన్ని నేర్పడానికి వంద ఏళ్ళ పైన పట్టింది. నేర్చుకున్నది ఇప్పుడు కొన్నిచోట్ల మన కళ్ళ ముందే కరిగిపోతోంది. ఆ కథలో మన తెలుగు కుర్రాడొకడు నట్టనడుమ నిలబడ్డ రోజు కూడా ఉంది. అక్కడికి వెళ్ళే ముందు స్కాట్లండ్ వెళ్ళాలి.

1870. ఎడిన్‌బరో పక్కన సముద్రం ఒడ్డున మసెల్‌బరా మైదానం. ఆ రోజుల్లో గోల్ఫ్ అంటే టోర్నమెంట్ల కన్నా పందెం ఆటలే ఎక్కువ. సెయింట్ ఆండ్రూస్ నుంచి ఓల్డ్ టామ్ మోరిస్ వచ్చాడు. మసెల్‌బరా తరఫున విల్లీ పార్క్, 1860లో జరిగిన మొట్టమొదటి ఓపెన్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. ఇద్దరివీ వేరువేరు ఊళ్ళు, వెనక రెండు ఊళ్ళ డబ్బు, రెండు ఊళ్ళ పరువు. అప్పట్లో జనానికీ ఆటకూ మధ్య గీత అంటూ లేదు. బంతి చుట్టూ మూగేవాళ్ళు, ఆటగాడి భుజం మీంచి తొంగిచూసేవాళ్ళు, బంతి వెంబడి పరిగెత్తేవాళ్ళు. ఆ రోజు మసెల్‌బరా జనం తమవాడి మీద అభిమానం ఆపుకోలేక మోరిస్ బంతి జోలికి పోయారు. మోరిస్ ఆట ఆపేశాడు. రిఫరీగా ఉన్న పుస్తక ప్రచురణకర్త రాబర్ట్ ఛాంబర్స్‌ను వెంటబెట్టుకుని, మైదానం అంచునే ఉన్న మిసెస్ ఫోర్‌మన్ సారాయి కొట్లోకి వెళ్ళి కూర్చున్నాడు. పార్క్ కబురు పంపాడు: బయటికి రాకపోతే మిగతా హోల్స్ నేనొక్కణ్ణే ఆడి పందెం డబ్బు నాదంటాను అని. అన్నంత పనీ చేశాడు. ఆనాటి మేటి ఆటగాళ్ళ పోటీ జనం వల్ల అలా చెడిపోయింది.

ఇక్కడ ఆట కట్టుబాటు ఒకటి చెప్పాలి. క్రికెట్‌లో అంపైర్ ప్రతి బంతి దగ్గరా ఉంటాడు. గోల్ఫ్‌లో ఆటగాళ్ళు కిలోమీటర్ల మేర చెదిరి ఉంటారు, ప్రతి బంతి వెంటా రిఫరీ తిరగలేడు. అందుకే ఆ ఆట రెండింటి మీద నిలబడింది: ఆటగాడి నిజాయితీ, చుట్టూ ఉన్నవాళ్ళ సాక్ష్యం. గడ్డిలో పోయిన బంతిని వెతకడానికి ఇప్పుడు 3 నిమిషాలే గడువు, 2019కి ముందు 5 నిమిషాలు. ఆ గడువులో బంతి దొరికేది చాలాసార్లు చూపరుల కళ్ళవల్లే. ఎగురుతున్న బంతి చూపరికి అనుకోకుండా తగిలి పక్కకు పోతే, ఆగినచోటు నుంచే ఆడాలి. ఆగి ఉన్న బంతిని చూపరి కదిలిస్తే దాన్ని యథాస్థానంలో పెట్టాలి. అంటే గోల్ఫ్ చూపరి మొదటి నుంచీ ఆట లోపల ఉన్నవాడు. లోపల ఉన్నాడు గనకే సాయం చేయగలడు, లోపల ఉన్నాడు గనకే పాడూ చేయగలడు. ఈ ఆట జనం చరిత్రంతా నాకు ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

1925లో ఆ ముడి బిగిసింది. ప్రెస్ట్‌విక్ మైదానంలో ఓపెన్. 1860లో ఓపెన్ పుట్టింది అక్కడే. కార్నూస్టీలో పుట్టి అమెరికా వలసపోయిన మక్‌డొనాల్డ్ స్మిత్ మూడు రౌండ్లు ముగిసేసరికి 5 స్ట్రోక్‌ల (దెబ్బల) ఆధిక్యంలో ఉన్నాడు. సొంత గడ్డ మీద పుట్టినవాడు గెలవబోతున్నాడని వేల జనం ఎగబడ్డారు. టిక్కెట్టు లేదు, కంచె లేదు. మైదానం చూస్తే ఇరుకు. స్మిత్ ప్రతి దెబ్బకూ ముందు జనం పక్కకు తప్పుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ఎక్కడ పడుతుందో కనబడని చోటికి మనుషుల తలల మీదుగా బంతి కొట్టాల్సి వచ్చింది. ఆ చివరి రౌండ్ అతను 82 స్ట్రోక్‌లలో ముగించాడు. ఛాంపియన్‌షిప్ జిమ్ బార్న్స్‌కు పోయింది. అంత గొప్ప ఆటగాడు స్మిత్ ఎన్నడూ ఓపెన్ గెలవలేదు. ప్రెస్ట్‌విక్‌లోనూ ఆ తర్వాత ఓపెన్ జరగలేదు. అతనికి హాని చేసింది ఎదుటివాడి అభిమానులు కారు, అతని అభిమానులే. ప్రేమతో వచ్చిన జనం ప్రేమతోనే తొక్కేశారు. ప్రేక్షకుల చరిత్ర రాసేవాడు ఈ రోజును దాటి పోలేడు.

మరుసటి ఏడాది, 1926లో, లిథమ్ అండ్ సెయింట్ ఆన్స్‌లో ఓపెన్‌కు మొదటిసారి ప్రవేశ రుసుము పెట్టారు. ఆదాయం కోసమే కాదు, గుంపును తగ్గించడం కోసం. ఆ ఏడు గెలిచిన బాబీ జోన్స్ తన ఆటగాడి బ్యాడ్జీ మరచిపోయి వస్తే గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోనివ్వలేదనీ, జోన్స్ మారుమాట లేకుండా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి ఆడి గెలిచాడనీ చెప్పుకుంటారు. ఆ జోన్స్ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంతకీ ఆ నిశ్శబ్దం ఎందుకు? ఆడంబరం కోసం కాదు. గోల్ఫ్‌లో బంతి కదలదు. క్రికెట్ బ్యాటరు వచ్చే బంతికి బదులిస్తాడు. ఒళ్ళు దానంతటదే స్పందిస్తుంది, చుట్టూ ఉన్న హోరు వినబడదు. గోల్ఫర్ మాత్రం నిలబడి, తనంతట తాను, ఆగి ఉన్న బంతి మీద ఆటను మొదలుపెట్టాలి. కర్ర వెనక్కి వెళ్ళి బంతిని తాకేదాకా ఒక సెకను పై చిల్లర. కర్ర, బంతి ఒకదాన్నొకటి అంటుకుని ఉండేది సెకనులో రెండువేలవ వంతు. కర్ర పైకెళ్ళిన క్షణంలో హఠాత్తుగా ఒక చప్పుడో, చూపు కొసన ఒక కదలికో, హోల్ చుట్టూ ఉండే నున్నని గడ్డి ‘గ్రీన్’ మీద బంతి దారికి అడ్డంగా ఒక నీడో పడితే చాలు, చేయి ఒక వెంట్రుకవాసి బిగుస్తుంది. రెండు వందల గజాల అవతలికి వెళ్ళేసరికి ఆ వెంట్రుకవాసి చెరువులో పడేంత దూరం అవుతుంది. ఆటగాళ్ళు చెప్పేది ఒకటుంది: ఆగకుండా హోరుమనే శబ్దం పర్వాలేదు, నిశ్శబ్దంలో హఠాత్తుగా వచ్చే చిన్న శబ్దమే చెడ్డది. సెల్‌ఫోన్ మోతకూ కెమెరా క్లిక్కుకూ గోల్ఫర్లు అంత ఉలిక్కిపడేది అందుకే. 2002లో స్కిన్స్ గేమ్ పోటీలో టైగర్ వుడ్స్ బంతి కొడుతుండగా ఒకరు ఫొటో తీశారు. వుడ్స్ కర్రల సంచి మోసే క్యాడీ స్టీవ్ విలియమ్స్ ఆ కెమెరా లాక్కుని చెరువులోకి విసిరేశాడు. అతను చేసింది తప్పే, ఆ కోపం ఎక్కణ్ణుంచి పుట్టిందో మాత్రం తెలుస్తుంది.

చూపరి మర్యాదలో సగం ఆటగాడి కోసమైతే మిగతా సగం చూపరి ప్రాణం కోసం. మేటి ఆటగాడు కొట్టిన బంతి గంటకు 280 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అది దారి తప్పితే ఆటగాడు ‘ఫోర్’ అని అరవాలి. ఆ కేక వినగానే బంతి ఎక్కడుందా అని తల ఎత్తి చూడకూడదు. తల వంచి, చేతులతో కప్పుకుని కూర్చోవాలి. 2018లో అమెరికా, యూరప్ జట్ల మధ్య పారిస్ దగ్గర జరిగిన రైడర్ కప్‌లో బ్రూక్స్ కెప్కా కొట్టిన బంతి తగిలి ఒక ప్రేక్షకురాలికి ఒక కంటి చూపు పోయింది.

తాడు వచ్చింది 1954లో. ఆ ఏడు బాల్టస్‌రాల్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్‌లో తొలిసారి ప్రతి హోల్‌కూ ఈ కొస నుంచి ఆ కొసదాకా తాడు కట్టారు. అమెరికా అంతటా టీవీలో ప్రసారమైన మొదటి యు.ఎస్. ఓపెన్ కూడా అదే. రెండూ ఒకే ఏడాది రావడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. అంతదాకా జనం ఫెయిర్‌వే మీద, అంటే గ్రీన్‌కు దారితీసే గడ్డి బాట మీద, ఆటగాడి వెంటే నడిచేవారు. అతను క్యాడీతో ఏం గొణుగుతున్నాడో వినేవారు. ఎంత దగ్గరగా ఉంటే అంత జాగ్రత్త, ఎందుకంటే నీ అడుగు చప్పుడు అతనికి వినబడుతోందని నీకు తెలుసు. తాడు కట్టాక ఆటకు రక్షణ దొరికింది, ప్రెస్ట్‌విక్ లాంటి తొక్కిసలాట మళ్ళీ జరగలేదు. దాంతోపాటే ఆటలో భాగస్తుడిగా ఉన్న చూపరి మెల్లగా ఆటను చూసే గిరాకీ అయ్యాడు. మర్యాద లోపలి నుంచి వచ్చేది కాక, చేతిలో ‘నిశ్శబ్దం’ అని రాసిన పలక పట్టుకున్న మార్షల్ గుర్తుచేసేది అయింది.

మర్యాదను లోపలి నుంచే రప్పించాలని పట్టుబట్టినవాడు బాబీ జోన్స్. క్లిఫర్డ్ రాబర్ట్స్‌తో కలిసి జార్జియా రాష్ట్రంలో అగస్టా నేషనల్ కట్టి, 1934లో మొదలుపెట్టిన పోటీయే నేటి మాస్టర్స్. 1967లో చూపరులకిచ్చే పుస్తకం కోసం జోన్స్ ఒక ప్రకటన రాశాడు. గోల్ఫ్‌లో ఆట నిబంధనలకు ఎంత విలువో మర్యాదకూ నడవడికీ అంతే విలువ అన్నది దాని సారం. ముఖ్యంగా ఒక మాట నొక్కిచెప్పాడు: ఆటగాడి తప్పు దెబ్బకో దురదృష్టానికో చప్పట్లు కొట్టడం చాలా విచారకరమని. ఈ మాట మన క్రికెట్ స్టేడియాలకు కూడా రాసి పెట్టదగ్గది. అగస్టాలో ఈనాటికీ పరిగెత్తకూడదు. సెల్‌ఫోన్ తేకూడదు, తెచ్చి దొరికితే టిక్కెట్టు శాశ్వతంగా పోతుంది. పొద్దున్నే గ్రీన్ పక్కన మడత కుర్చీ వేసి వెళ్ళిపోతే సాయంత్రం వచ్చేదాకా ఆ చోటు మీదే. మీరు లేనప్పుడు వేరెవరైనా కూర్చున్నా, మీరు రాగానే లేచిపోతారు. ఆ క్లబ్బు తన జనం పరువును ఎంత గట్టిగా కాపాడుకుందంటే, 1966లో వ్యాఖ్యాత జాక్ విటేకర్ ప్రసారంలో ఆ గుంపును అల్లరిమూకలా వర్ణించాడని కొన్నేళ్ళపాటు అతణ్ణి మాస్టర్స్ ప్రసారాల నుంచి తప్పించారు.

కానీ ఆ మర్యాద అందరి పట్లా సమానంగా నడిచిందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. 1961 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బరో ఓపెన్. తెల్లవారు మాత్రమే సభ్యులుగా ఉండాలన్న నిబంధన అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ పుస్తకాల్లో ఇంకా ఉంది, ఆ ఏడు నవంబరులో గాని తీసెయ్యలేదు. దక్షిణాది రాష్ట్రంలో పెద్ద టోర్నమెంట్ ఆడుతున్న నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్‌కు ముందు ఫోన్‌లో బెదిరింపులు వచ్చాయి. మైదానంలో కొందరు తెల్లవాళ్ళు హోల్ తర్వాత హోల్ వెంటబడి బూతులు తిట్టారు, బంతి కొట్టే వేళకు అరిచారు. తక్కినవాళ్ళ కోసం చేతులెత్తి నిశ్శబ్దం పాటించే ఆ మైదానంలో సిఫర్డ్‌కు ఆ నిశ్శబ్దం దక్కలేదు. అయినా అతను నాలుగో స్థానంలో నిలిచాడు. గోల్ఫ్ మర్యాద గురించి ఎవరు గొప్పగా చెప్పినా ఆ నాలుగో స్థానం ఎంత బరువు మోసి తెచ్చుకున్నదో తలుచుకోవాలి.

ఆ మరుసటి ఏడాదే ఇంకో రకం గోల. ఆర్నల్డ్ పామర్ అంటే అమెరికాకు వెర్రి అభిమానం. అగస్టా పక్కన ఉన్న క్యాంప్ గార్డన్ సైనికులు అతని వెంట నడవడంతో పుట్టిన ‘ఆర్నీస్ ఆర్మీ’ అన్న పేరు దేశమంతా పాకింది. 1962లో యు.ఎస్. ఓపెన్ పామర్ సొంత ఊరు లాట్రోబ్‌కు దగ్గర్లో, ఓక్‌మాంట్‌లో జరిగింది. ఎదురుగా 22 ఏళ్ళ జాక్ నిక్లాస్. పామర్ అభిమానులు అతని లావును గేలిచేశారు, అతను గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బ, పట్, కొట్టబోతుంటే కాళ్ళు నేలకేసి తన్నారు. నిక్లాస్ ఎవరివైపూ చూడలేదు. ప్లేఆఫ్‌లో పామర్‌ను ఓడించాడు. తాడు మనుషులను ఆపగలిగింది గాని గొంతులను ఆపలేదని అక్కడే తేలిపోయింది.

ఇక అరిజోనా వెళ్దాం. ఫీనిక్స్ ఓపెన్ జరిగే స్కాట్స్‌డేల్ మైదానంలో 16వ హోల్ ఉంది. చిన్న పార్-3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్. దాని చుట్టూ ఏటేటా మూడంతస్తుల స్టాండ్లు కట్టి దాదాపు 20,000 మందిని కూర్చోబెడతారు. అక్కడ మౌనం లేదు. బంతి గ్రీన్ మీద పడకపోతే ఈలలు, కూతలు, ఎగతాళి. బంతి నేరుగా హోల్‌లో పడితే తాగుతున్న బీరు డబ్బాలన్నీ గాల్లోకి లేస్తాయి. 1997లో టైగర్ వుడ్స్ ఒకే దెబ్బకు బంతిని హోల్‌లో వేసిన నాటి నుంచి ఆ చోటు ఒక తిరునాళ్ళ అయిపోయింది. 1999లో అదే మైదానంలో 13వ హోల్ దగ్గర ఇంకో విచిత్రం. వుడ్స్ బంతికి ఒక పెద్ద బండరాయి అడ్డం వచ్చింది. నేలలో పాతుకోలేదు గనక తొలగించవచ్చని రిఫరీ చెప్పాడు. చూపరులు గుంపుగా వచ్చి, చొక్కాలకు మట్టి అంటుతున్నా, ఆ రాతిని పక్కకు దొర్లించారు. నేను మొదట చెప్పిన ముడి అక్కడ తాడు దాటి మళ్ళీ బయటపడింది: చూపరి ఆటలోకి వచ్చాడు, అదీ నిబంధనల ప్రకారమే. 2018లో ఆ వారం మొత్తానికి 7,19,179 మంది వచ్చారని నిర్వాహకులు ప్రకటించారు.

2022 ఫిబ్రవరిలో ఆ జనం మధ్యకు సాహిత్ తీగల వచ్చాడు. 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగువాడు. తల్లిదండ్రులు మన తెలుగునాటి నుంచి వలసవెళ్ళినవాళ్ళు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీ తరఫున ఆడి, 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో ఉన్న మూడు పెద్ద బహుమతులూ, హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పేర్ల మీద ఇచ్చేవి, ఒకే ఏడాది గెలుచుకున్నాడు. పీజీఏ టూర్‌లో అది అతని మొదటి పూర్తి సీజన్. నిర్వాహకుల ఆహ్వానం మీద ఆ పోటీలోకి వచ్చి, మొదటి రోజు నుంచీ ముందు నిలిచాడు. తీగల కుటుంబం వెన్నంటి నడిచింది. పేరు పలకడం రాని జనం కూడా రెండు రోజుల్లో నేర్చుకుని గొంతెత్తి పిలవసాగారు. శనివారం శామ్ రైడర్ 16వ హోల్‌లో ఒకే దెబ్బకు బంతి వేస్తే ఆకాశం నుంచి బీరు డబ్బాలు వర్షంలా పడ్డాయి. గ్రీన్ శుభ్రం చేసేదాకా ఆట ఆగింది. ఆదివారం కార్లోస్ ఓర్టిజ్ అదే పని చేస్తే మళ్ళీ అదే వర్షం.

ఆదివారం సాయంత్రం 17వ హోల్ దగ్గరికి వచ్చేసరికి సాహిత్ ముందంజలో సమానంగా ఉన్నాడు. ఆ హోల్ చిన్న పార్-4, ధైర్యం చేస్తే ఒకే దెబ్బకు గ్రీన్ దగ్గరికి చేరవచ్చు. అతను ధైర్యం చేశాడు. బంతి బాగానే వెళ్ళింది, నేల మీద పడి, ఎడమకు ఎగిరి, దొర్లుకుంటూ నీళ్ళలోకి పోయింది. ఒక స్ట్రోక్ పోయింది. ప్లేఆఫ్‌కు సరిగ్గా ఆ ఒక్క స్ట్రోకే తక్కువైంది. స్కాటీ షెఫ్లర్ ప్లేఆఫ్‌లో పాట్రిక్ కాంట్లేను ఓడించి తన మొదటి పీజీఏ టూర్ విజయం అందుకున్నాడు. సాహిత్ మూడో స్థానంలో సమానంగా నిలిచి, ఇంటివాళ్ళ భుజాల మీద తలవాల్చి ఏడ్చాడు. తాడు అవతల ఉన్న జనం అతన్ని గేలి చేయలేదు. అతని పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. గోల్ఫ్‌లో అందరికన్నా అల్లరి జనం అని పేరుపడినవాళ్ళే, బంతి నీళ్ళలో పడ్డవాడికి చప్పట్లతో ధైర్యం చెప్పారు. జోన్స్ 1967లో కోరింది ఆ ఒక్క చోట ఆ జనం పాటించారు. గోల చేసే జనానికి మర్యాద ఉండదని తేలిగ్గా అనేవాళ్ళు ఆ సాయంత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆ తర్వాత సంవత్సరం ఏప్రిల్‌లో సాహిత్ అగస్టాలో మొదటిసారి ఆడాడు. చివరి రోజు 16వ హోల్ దగ్గర గ్రీన్ బయట నుంచి చిప్ చేసిన బంతి వాలు మీద తిరిగి తిరిగి హోల్‌లో పడింది. ఫోన్ కూడా చేతిలో లేని ఆ జనం ఒక్కసారిగా వేసిన కేక టీవీలో విన్నవాళ్ళకు చాలాకాలం గుర్తుంటుంది. తొమ్మిదో స్థానంలో సమానంగా ముగించాడు. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో మొదటి పీజీఏ టూర్ విజయం వచ్చింది. 2024లో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో ఇంకో సంఘటన. ఇసుకలోంచి కొట్టబోతూ కర్ర వెనక్కి తీస్తుండగా కొద్దిగా ఇసుక కదిలిందని అతనికి అనిపించింది. చూపరులెవరూ పట్టుకోలేదు, తోటి ఆటగాడూ ఏమీ అనలేదు. అతనే అధికారిని పిలిచి చెప్పుకుని, రెండు స్ట్రోక్‌ల శిక్ష వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానం. రెండో స్థానంలో నిలిచినవాడికి సరిగ్గా రెండు స్ట్రోక్‌లు వెనక.

ఫీనిక్స్ గోల అక్కడితో ఆగలేదు. 2024లో జనం మరీ ఎక్కువై, శనివారం గేట్లు మూసేసి, మద్యం అమ్మకం ఆపాల్సి వచ్చింది. జాక్ జాన్సన్, బిల్లీ హార్షెల్ వంటి పెద్ద ఆటగాళ్ళు తాడు దగ్గరికి వెళ్ళి జనంతో వాదించారు. వెనక డబ్బు కూడా ఉంది. 2018లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు తర్వాత రాష్ట్రాల్లో ఆటల మీద పందేలు చట్టబద్ధమయ్యాయి. చేతిలో ఫోన్ ఉన్నవాడు ఈ పట్ పడుతుందా పడదా అని అప్పటికప్పుడు పందెం కాయగలడు. 2023లో బీఎండబ్ల్యూ ఛాంపియన్‌షిప్‌లో తాను పట్ కొడుతుండగా ఒకడు 3 డాలర్ల పందెం కోసం అరిచాడని మాక్స్ హోమా బయటపెట్టాడు. 1870లో మసెల్‌బరా జనాన్ని రెచ్చగొట్టింది కూడా పందెమే. 2025 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బెత్‌పేజ్‌లో రైడర్ కప్ జరిగినప్పుడు యూరప్ ఆటగాడు రోరీ మెకల్‌రాయ్‌ను బూతులు తిట్టారు, అతని భార్య మీద పానీయం విసిరారు. యూరప్ జట్టు 15-13తో గెలిచింది. జాత్యహంకారం, దేశాభిమానం, పందెం డబ్బు, మద్యం: వీటిలో ఏదో ఒకటి తాడు దాటిన ప్రతిసారీ ఈ ఆట చెడిపోయింది. కేవలం ఆనందంతో వేసిన కేక వల్ల చెడిపోయినట్టు నాకు కనబడలేదు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో గోల్కొండ పక్కన నయా ఖిల్లా. 1656లో మొగలుల దాడి తర్వాత కుతుబ్‌షాహీలు కోటకు కలిపి కట్టించిన భాగం. ఆ గోడల పరిసరాల్లోనే, వందల ఏళ్ళ హాతియాన్ చెట్టు ఉన్నచోటే, హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ 18 హోల్స్ మైదానం ఉంది. చారిత్రక కట్టడాల ఒడిలో గోల్ఫ్ మైదానం ఉండడం ఎంతవరకు న్యాయమన్న వాదన నగరంలో చాలాకాలంగా నడుస్తోంది. ఆ ఆందోళన నాకూ సబబే అనిపిస్తుంది. ఆ మైదానంలో మన దేశపు ప్రొఫెషనల్ టూర్ పీజీటీఐ ఆధ్వర్యంలో గోల్కొండ మాస్టర్స్ జరుగుతోంది. ఇటువంటి పోటీలకు మన దేశంలో వచ్చే జనం తక్కువ. ఆటగాళ్ళ ఇంటివాళ్ళు, క్లబ్బు సభ్యులు, చిన్నప్పటి నుంచి క్యాడీ పని చేసి ఆట నేర్చుకున్న కుర్రాళ్ళు. తక్కువమందే గనక ఆటగాడికి చాలా దగ్గరగా నడవవచ్చు. ప్రెస్ట్‌విక్ జనానికి ఉన్న దగ్గరితనం, ప్రెస్ట్‌విక్ తొక్కిసలాట లేకుండా, మన గోల్కొండ గోడల పక్కన దొరుకుతుంది. ఆ అవకాశం ఎక్కువకాలం ఉండకపోవచ్చు. 2025 అక్టోబరులో మెకల్‌రాయ్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఆడినప్పుడు జనం ఎలా ఎగబడ్డారో చూశాం.

అందుకే మన పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. ఆటగాడు బంతి ముందు నిలబడగానే మీరు ఎక్కడుంటే అక్కడే ఆగిపోండి, నడుస్తున్న అడుగు మధ్యలో ఉన్నా సరే. అతని కంటికి ఎదురుగానూ, బంతి వెళ్ళే దారికి సరిగ్గా వెనకగానూ నిలబడవద్దు, కాస్త పక్కకు జరగండి. గ్రీన్ మీద మీ నీడ పడే దిక్కు చూసుకోండి. ఫోన్ మోగకుండా చేసి జేబులో పెట్టండి. మీ అభిమాన ఆటగాడు పట్ ముగించగానే కదిలిపోకండి. అతనితో ఆడుతున్నవాడి పట్ ఇంకా మిగిలి ఉంటుంది, మీ అడుగుల చప్పుడు వినబడేది అతనికే. ఈ తప్పు ప్రపంచమంతటా జరుగుతుంది. 1999లో బ్రూక్‌లైన్ రైడర్ కప్‌లో ఏకంగా ఆటగాళ్ళే చేశారు. 17వ హోల్‌లో జస్టిన్ లెనర్డ్ పొడవాటి పట్ పడగానే అమెరికా జట్టు గ్రీన్ మీదికి దూసుకొచ్చింది. హోసే మరియా ఒలసాబల్ ఇంకా పట్ కొట్టాల్సి ఉందన్న ధ్యాస ఎవరికీ లేదు. గుంపు పోయేదాకా అతను ఎదురుచూసి కొట్టాడు, పడలేదు. బంతి పోతే వెతకడానికి సాయం వెళ్ళండి, దొరికితే ముట్టుకోకండి, చేయెత్తి చూపండి. ‘ఫోర్’ అన్న కేక వినబడితే పిల్లల తలలు ముందు కప్పండి. మంచి దెబ్బ పడ్డప్పుడు మాత్రం కొట్టినవాడు ఎవరైనా సరే చప్పట్లు కొట్టండి, అరవండి. బళ్ళారివాళ్ళకు అది ఎవరూ నేర్పక్కర్లేదు.

వచ్చే భాగంలోనూ హైదరాబాద్‌లోనే ఉందాం. ఆట మారుతుంది: 1969 అక్టోబరు, లాల్ బహదూర్ స్టేడియం, న్యూజీలాండ్‌తో క్రికెట్ టెస్టు.